బీడీల కార్ఖానా చుట్టరికం

"మా సేటు కార్ఖానాలో నౌకరన్నవాడే లేడు హుజూర్!"

వకీలు లక్ష్మీరాజం గారు సిద్దిపేట తహసీలు కచేరీలో ఈ మాట ప్రకటించిన రోజున నేను వసారాలోనే ఉన్నాను. అర్జీలు రాయడం నా వృత్తి. జర్మనీ యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో మనుషులను మాయం చేసేవాళ్లు చాలామందే ఉండేవారు. కానీ నలభై మంది పనివాళ్లను ఒక్క వాక్యంతో మాయం చేసిన మహానుభావుణ్ణి నేను చూడడం అదే మొదటిసారి. ఆయన యజమానుల వకీలు. కూలివాళ్ల తరఫున వాదించడం ఆయన ఇంటా వంటా లేదు.

ఫిర్యాదు చేసింది కొమురవ్వ. రాజమల్లయ్య సేటు కార్ఖానాలో పన్నెండేళ్లుగా బీడీలు చుడుతోంది. అక్కడే పనిచేసే భర్త పోశయ్యకు జబ్బు చేస్తే దవాఖానాకు తీసుకుపోయి ఒక్కరోజు పనికి రాలేదు. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. నన్ను మళ్లీ పనిలోకి తీసుకోవాలి, కానూను ప్రకారం అందరికీ వారానికో సెలవు ఇవ్వాలి అని ఆమె అర్జీ. రాసింది నేనే. రాస్తుంటే నాకు జాలేసింది కూడా. కానీ వకీలు గారి తెలివి ముందు నా జాలి ఏపాటిది?

ఒకే కుటుంబం వాళ్లు కలిసి పనిచేసుకునే చోట ఆ సెలవుల కానూను చెల్లదని ఆయన వాదన.

"నలభై మందీ సేటు చుట్టాలే హుజూర్. పోశయ్య ఆయనకు పెద్దబాపు, తండ్రికి అన్న. ఉమ్మడి కుటుంబం!"

"మరి పెద్దమ్మను నౌకరీ నుంచి ఎందుకు తీసేశారు?" అన్నాడు తహసీల్దారు.

"తీసెయ్యలే హుజూర్. అలిగి పోయింది. ఇండ్లల్ల అలకలు ఉండయా?"

తహసీల్దారు ఇల్లు గుర్తొచ్చినట్టు నిట్టూర్చి, అర్జీ కొట్టేసి మొహరు ముద్ర వేశాడు.

కొమురవ్వ నా దగ్గరికొచ్చింది. "గింతకు నాకు పని ఉన్నట్టా, లేనట్టా అయ్యా?"

"పని లేదు. చుట్టరికం ఉంది" అన్నాను.

వకీలు గారు ముందుచూపున్న మనిషి. హైదరాబాదు నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే ఇబ్బంది కాకూడదని ఆ సాయంత్రమే కార్ఖానాకు పోయి అందరికీ వరసలు పంచిపెట్టారు. జర్దా కలిపే దుబ్బయ్య వాటాకు బామ్మర్ది వరస వచ్చింది.

"అయితే సేటమ్మ నాకు అక్కాయె. బిడ్డ లగ్గంల నాకు బట్టలు పెడతదా?" అన్నాడు దుబ్బయ్య.

"నోర్మూసుకొని జర్దా కలుపు, బామ్మర్దీ" అన్నాడు సేటు.

సేటు కూతురి లగ్గం నాలుగు రోజులుందనగా మగపెళ్లివారు ప్రజ్ఞాపూర్ నుంచి మాట్లాడుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అదే వేళకు కొమురవ్వ ఏడుస్తూ వచ్చింది. వెనకాల కార్ఖానా మొత్తం ఉంది.

"కొడుకా, మీ పెద్దబాపు పోయిండు! మాకు కొడుకులు లేకపాయె. కొరివి నువ్వే పెట్టాలె!"

వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. "పెద్దబాపా? పదకొండు దినాల మైల గద! లగ్గం ఎట్లయితది?"

లగ్గం మాటలకని వచ్చి అక్కడే ఉన్న వకీలును సేటు పక్కకు లాగాడు. "వీళ్లు నాకేం కారని చెప్తే?"

"చెప్పు. వారం వారం సెలవియ్యి, కొమురవ్వను పనిలకు తీసుకో. పదకొండు దినాలు ఓర్సుకుంటవా, బతికినన్నాళ్లు సెలవులిస్తవా?"

సేటు మంగలిని పిలిపించాడు. గుండు కొట్టించుకుని, కుండ పట్టుకుని ముందు నడిచాడు. పెళ్లివారి బండ్లు వెనక్కి పోయాయి. పోశయ్యను మేనమామను చేసి ఉంటే మూడు రోజులతో పోయేదని వకీలు గారు దారి పొడుగునా నొచ్చుకున్నారు. గొప్పవాళ్లకూ చిన్న పొరపాట్లు తప్పవు.

పన్నెండో రోజు కొమురవ్వ మళ్లీ నా దగ్గరికొచ్చింది.

"ఉమ్మడి కుటుంబమని కచేరీల రాసుకున్నరు. కొరివి ఊరంత చూసింది. మా ముసలాయన పాలు, సగం వాటా, పంచియ్యుమని రాయి."

"కార్ఖానాలో సగమా?"

"నాకు కార్ఖానా ఎందుకయ్యా? నా జాగల నేను కూసుంటే సాలు. గాని అర్జీల మాత్రం కార్ఖానే రాయి."

రాశాను. సంగతి తెలిసి దుబ్బయ్య వకీలు ఇంటికి పోయి, "నన్ను బామ్మర్దిని ఎందుకు చేసినవు, వాటా వచ్చే పాలోన్ని చేయకపోతివి!" అని తగువు పెట్టుకున్నాడు.

మర్నాడు కచేరీ తలుపులు తీయకముందే వకీలు గారు సేటును వెంటబెట్టుకుని మెట్ల మీద నిలబడి, తహసీల్దారు రాగానే అందుకున్నారు.

"మా సేటుకు ఈ లోకంల చుట్టమన్నవాడే లేడు హుజూర్! నలభై మందీ నౌకర్లే. కొమురవ్వను ఇయ్యాల్నే పనిలకు తీసుకుంటం. ప్రతి శుక్రారం, జుమ్మా నాడు, అందరికీ సెలవు."

తహసీల్దారు అంతా రాసుకుని, మొహరు చేతికి తీసుకుని, సేటు తలవైపు చూస్తూ ఆగిపోయాడు.

"నౌకరు చనిపోతే సేటు గుండు కొట్టించుకున్నాడా?"

వకీలు గారు చేతులు కట్టుకున్నారు.

"అవును హుజూర్. మా సేటుకు నౌకర్లంటే గంత పానం."