మూడు నిమిషాల జలపాతం

ఆ రోజు పొద్దున గైడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదీ పావుకి విహార రైలు కొండ మలుపు తిరుగుతుంది. డ్రైవరు పొడుగ్గా కూత వేస్తాడు. కొండ నెత్తిన ట్యాంకరుతో కాచుకుని ఉన్న బావమరిది వాల్వు తిప్పుతాడు. జలపాతం పడుతుంది. మూడే మూడు నిమిషాలు! రైలు ఆ మలుపు దాటడానికి పట్టేది అంతే. ఆ తర్వాత అది పడితే ఎవరిక్కావాలి, పడకపోతే ఎవరిక్కావాలి?

అసలు జలపాతం ఎండిపోయి నాలుగు నెలలైంది. వానలు మొహం చాటేశాయి. పల్లెల మధ్య నుంచి, కొండల పక్క నుంచి నింపాదిగా పాకుతూ పోయే ఆ రైలుకు గొప్పగా చూపించుకోవడానికి ఉన్నది అదొక్కటే. "ఎడమ వైపు చూడండి, జలపాతం ఇక్కడే ఉండేది" అని మైకులో చెప్పి చెప్పి గైడుకే సిగ్గేస్తోంది. ఇప్పుడు పై ఆఫీసు నుంచి అధికారిణి తనిఖీకి వస్తోంది. చూడ్డానికేమీ లేదని ఆవిడ ఒక్క ముక్క రాస్తే వచ్చే నెల నుంచి రైలు బందు. రైలు పోతే మైకు పోతుంది. పదకొండేళ్ళుగా ఆ మైకు పట్టుకుని బతికినవాడికి అది లేకపోతే నోరు పడిపోయినట్టే. పోనీ ఇంట్లో మాట్లాడుకుందామా అంటే, అక్కడ వినే నాథుడు లేడు.

"మైకాసురా, ఫోను మోగుతోంది," అంది భార్య. "మా తమ్ముడే. పొద్దున్నే ఏం తగలేశాడో ఏమో!"

తమ్ముడు పాలకేంద్రంలో ట్యాంకరు డ్రైవరు. నీళ్ళు నింపుకుని వస్తానని నిన్ననే మాటిచ్చాడు.

"బావా, నీళ్ళు దొరకలేదు," అన్నాడు. "చుట్టుపక్కల బావులన్నీ అడుగంటాయి. ఉన్నదల్లా పాలే."

"పాలేంట్రా?"

"నిన్నంతా కరెంటు లేక మా కేంద్రంలో పాలన్నీ విరిగిపోయాయి. ఎక్కడైనా పారబోసి రమ్మన్నారు. ఎక్కడో ఎందుకు, మీ కొండ మీదే పారబోస్తా. రైల్లోంచి చూసేవాళ్ళకి నీళ్ళయితేనేం, పాలయితేనేం? తెల్లగా కనపడ్డమేగా కావాల్సింది!"

గైడుకి ఇన్నాళ్ళకి బావమరిది ఒక తెలివైన మాట అన్నాడనిపించింది. ఇంకాస్త ఆలోచించి ఉంటే అలా అనిపించేది కాదు.

అధికారిణి మోకాళ్ళు పట్టుకుని "అమ్మా" అంటూ రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, కలం మూత తీసింది. రెండు స్టేషన్ల పాటు ఎండిన పొలాలూ, బక్క మేకలూ చూసి ఏమీ రాయలేదు. మలుపు వచ్చింది. కూత పడింది.

కొండ మీంచి తెల్లటి ధార దూకింది. మామూలు దూకుడా! నురగ, తుంపర, రాళ్ళ మీద ఒకటే చప్పుడు. నలభై మంది ప్రయాణికులూ ఎడమ కిటికీల మీద పడ్డారు. గైడుకి కళ్ళు చెమర్చాయి. నిజం జలపాతం నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఇంత బాగా పడలేదు.

"రైలాపండి!" అంది అధికారిణి.

"ఇక్కడ ఆగదు మేడం. ఇలా చూసి అలా వెళ్ళిపోవడమే..."

"నేను ఆపమంటే ఆగదా?"

ఆగింది. అధికారిణి దిగింది. ఆవిడ వెనక నలభై మందీ దిగారు. దిగీ దిగగానే ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"ఇదేంటయ్యా, పుల్లటి వాసన?"

"ఖనిజాలు మేడం," అన్నాడు గైడు. మైకు అలవాటైన నోరు ఒక్క మాటతో ఊరుకోదు గదా! "చర్మానికి చాలా మంచిది. మోకాళ్ళ నొప్పులకైతే ఇంక చెప్పక్కర్లేదు."

అంతే! ఐదు నిమిషాల్లో నలభై మందీ ధార కింద చేరి మొహాలకీ, మెడలకీ పట్టించుకోవడం మొదలెట్టారు. అధికారిణి మోకాళ్ళు తడుపుకుని, బుగ్గలకి కూడా రాసుకుని, ఫోనెత్తి నవ్వుతూ నాలుగు ఫోటోలు తీసుకుంది.

"మధ్యమధ్యలో ఈ తెల్ల గడ్డలేంటండీ?" అన్నాడొక రిటైరైన మాష్టారు, ఒకటి వేళ్ళ మధ్య నలుపుతూ.

"నురగ పేరుకుపోయింది మాష్టారూ. చాలా పాత జలపాతం."

ఇంతలో కింది పల్లెలోంచి ఒక పిల్లి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. చూస్తుండగానే పదిహేను పిల్లులు వరసగా కూర్చుని జలపాతాన్ని నాకడం మొదలెట్టాయి.

"వీటికేమైందయ్యా?"

"వాటికీ మోకాళ్ళుంటాయి కదా మేడం," అన్నాడు గైడు, చెమట తుడుచుకుంటూ.

పావుగంటకి ధార సన్నబడింది. చుక్కలైంది. ఆగింది. అందరూ తలలెత్తారు. కొండ అంచున బావమరిది తల కనపడింది.

"బావా! అయిపోయింది! ఇంకో ట్యాంకరు పాలు తెమ్మంటావా?"

ఆ గొంతు ఈ కొండకీ ఆ కొండకీ తగిలి, తెమ్మంటావా, తెమ్మంటావా అని నాలుగుసార్లు అడిగింది. నలభై మందీ గైడు వంక తిరిగారు. పదకొండేళ్ళలో మొదటిసారి అతనికి మాట దొరకలేదు. దొరికాక అంతా కక్కేశాడు.

"రైలు ఆగిపోతుందని భయమేసింది మేడం. నాకు మాట్లాడ్డం తప్ప ఇంకో పని రాదు. తప్పయిపోయింది."

అధికారిణి బుగ్గ మీది గడ్డ ఒకటి తీసి చూసుకుంది. "తప్పయిపోయిందంటే సరా? ఫోటోలు మా పెద్దాయనకి పంపేశానయ్యా! ఇంత గొప్ప జలపాతం మన లైన్లో ఉందా, వచ్చే వారం ఇంటిల్లిపాదీ వస్తున్నాం అన్నాడు. ఇప్పుడిది విరిగిన పాలని చెప్పి నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కడుక్కోవడానికి కూడా నీళ్ళు లేవు మేడం," అని నోరు జారాడు గైడు.

ఆవిడ ఉరిమి చూసింది. ఆ తర్వాత కలం తీసింది. "రైలు ఆగదు. జలపాతమూ ఆగదు. పైన ఒక ట్యాంకు, కింద ఒక తొట్టి, మధ్యలో మోటారు. దూరం నుంచైనా నీళ్ళు తెప్పించి ఒక్కసారి నింపుతా. పడ్డ నీళ్ళే మళ్ళీ పైకెక్కుతాయి. దగ్గరుండి చూసుకోవడానికి పైన ఒక మనిషి కావాలి."

గైడుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మా బావమరిదిని పెట్టండి మేడం. వాడికి అలవాటైన పనే."

"అతన్ని కొండ మీద వృథా చేస్తావా? మైకు లేకుండానే అన్ని పెట్టెలకీ వినపడ్డాడు. అతను రైల్లో ఉండాలి. పైకి నువ్వెళ్ళు."

"మేడం, మరి నా మైకు..."

"వాల్వు తిప్పడానికి మైకెందుకయ్యా?"

ఇంటికొచ్చి చెబితే భార్య, తమ్ముడికి మైకు ఉద్యోగం వచ్చిందని పొంగిపోయింది. ఇప్పుడు రోజూ పదీ పావుకి కింది నుంచి "ఎడమ వైపు చూడండి, ప్రకృతి ఒడిలో పుట్టిన జలపాతం!" అని బావమరిది కేక వినపడుతుంది. ప్రకృతి కొండ మీద పళ్ళు నూరుకుంటూ వాల్వు తిప్పుతుంది.

ఎంత ఎండలు కాసినా ఆ జలపాతం మళ్ళీ ఎండిపోలేదు. మంగళవారాలు మాత్రం పడదు, వారానికో సెలవుంది.