హార్మోనియం గురించైతే లైన్లో ఉండండి

దేవుడు మనిషికి పది వేళ్లు ఇచ్చింది పని చేసుకోవడానికని ఇంతకాలం అందరూ పొరబడుతూ వచ్చారు. వేళ్ల కొసల మీది గీతలను అరగకుండా, చెరగకుండా కాపాడుకొని, అడిగిన రోజున ఫోన్ కంపెనీ వారి యంత్రం మీద భద్రంగా ఉంచడానికే వేళ్లు పుట్టాయి. ఈ సంగతి గ్రహించినవారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని సుఖంగా బతుకుతున్నారు. గ్రహించనివారిలో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ వాస్తవ్యులు బ్రహ్మచారి గారు ఒకరు.

బ్రహ్మచారి గారు హార్మోనియంలు బాగుచేస్తారు. (పేరు బ్రహ్మచారే గాని, ఆయనకు లచ్చమ్మ అనే భార్య, పెళ్లయిన ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఈ తేడా కంపెనీ వారి కంట ఇంకా పడలేదు కాబట్టి ఇక్కడ మెల్లగా చెబుతున్నాను.) పెట్టె విప్పడం, లోపల గాలికి మోగే ఇత్తడి రీడ్లను ఒక్కొక్కటే తీసి సన్న ఆకురాయితో గీకడం, వేలికొసతో తడిమి చూడడం, మళ్లీ గీకడం. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. ఆకురాయికి ఇత్తడికీ చర్మానికీ తేడా తెలియదు. రెండింటినీ సమానంగా అరగదీసింది.

బాగుచేసిన ప్రతి పెట్టె మూత లోపల ఆయన ఒక చీటీ అతికిస్తారు. దాని మీద పేరు, పేట, ఫోన్ నంబరు ఉంటాయి. పద్దెనిమిదేళ్లుగా ఒకటే నంబరు. భజన మండళ్లు, చర్చిలు, హరికథలు చెప్పేవారు, సంగీతం టీచర్లు... ఆదిలాబాద్ నుంచి నల్లగొండ దాకా ఎన్ని పెట్టెల్లో ఆ చీటీ ఉందో ఆయనకే లెక్క తెలియదు. పెట్టె ఎక్కడ మూగబోయినా ఆ ఇంటివాళ్లు మూత తీసి చీటీ చూసి ఆయనకు ఫోన్ చేస్తారు. ఆయన జీవనాధారం మొత్తం అదే.

నేను ఆయన దుకాణం పైవాటాలో అద్దెకుంటాను. ఈ వ్యవహారంలో నా పాత్ర అవసరమైనప్పుడు నా ఫోన్ ఇవ్వడం వరకే.

కిందటి ఏడు వానాకాలంలో గగనవాణి మొబైల్ సంస్థ నుంచి ఆయనకు ఒక సందేశం వచ్చింది. 'ప్రియమైన కస్టమర్, మీరు మీరేనా అని మాకు సందేహం కలిగింది. పది రోజుల్లోగా మా షోరూంకు వచ్చి సందేహ నివృత్తి చేయగలరు.' ఆయన ఉతికిన చొక్కా వేసుకొని ప్యారడైజ్ దగ్గరున్న షోరూంకు వెళ్లారు. అక్కడ హరికిషన్ అనే ఉద్యోగి ఎదురయ్యాడు. ఛాతీ మీది బిళ్లలో 'కస్టమర్ ఆనందాధికారి, రెండో శ్రేణి' అని ఉంది. (మొదటి శ్రేణి ఆనందాధికారులు కస్టమర్లకు కనిపించరు. వారి ఆనందానికి కారణం అదేనని కొందరి అనుమానం.)

యంత్రం మీద కుడి బొటనవేలు పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. చూపుడు వేలు పెట్టారు, మళ్లీ ఎర్ర దీపమే. ఆ చేతి వేళ్లు అయిపోయాక ఎడమ చేయి అందుకున్నారు. పదో వేలికి కూడా ఎర్ర దీపం వెలిగేసరికి వెనక వరుసలో నిలబడ్డవాళ్లు ఆయన వంక ఒక రకంగా చూడడం మొదలుపెట్టారు. ఆధార్ కార్డు, ఓటరు కార్డు, రేషన్ కార్డు, దుకాణం ముందు దిగిన ఫొటో అన్నీ బల్ల మీద పరిచారు. హరికిషన్ అవన్నీ ఓపిగ్గా చూసి, కార్డులు మనిషి అప్పుడెవరో చెబుతాయి గాని ఇప్పుడెవరో చెప్పవని కంపెనీ అభిప్రాయమని వివరించాడు. తర్వాత తన వంతుగా ఒక సలహా కూడా ఇచ్చాడు.

"సార్, ఒక పదిహేను రోజులు పని బంద్ పెట్టుండ్రి. రోజూ చేతులకు కొబ్బరినూనె రాయుండ్రి. గీతలు మల్ల వస్తయి."

"గీతలొచ్చినంక పని జేసుకోవచ్చా?" అని అడిగారు బ్రహ్మచారి గారు.

చేసుకోవచ్చని, అయితే తర్వాతి తనిఖీ దాకా జాగ్రత్తగా చేసుకోవాలని హరికిషన్ చెప్పాడు.

ఆ రోజు ఆయన నడిచే ఇంటికి వచ్చారు. చేతులు జేబుల్లో పెట్టుకొని మెట్ల మీద కూర్చున్నారు. జేబుల్లో చేతులు పెట్టుకోవడం ఆయనకు అలవాటు లేదు. లచ్చమ్మ గారు టీ తెచ్చి పక్కన పెడితే, అది చల్లారేదాకా చేయి బయటికి తీయలేదు.

పదకొండో రోజు పొద్దున ఫోన్ ఆగిపోయింది. ఆగిపోయిన నంబరును తొంభై రోజులు ఎవరికీ ఇవ్వకూడదని గగనవాణి వారి నిబంధనల్లోనే ఉంది. కానీ ఆ నంబరు చివర మూడు ఏడులున్నాయి. దాన్ని 'అదృష్ట సంఖ్యల పథకం' కింద అదే మధ్యాహ్నం ఇంకొకరికి ఇచ్చేశారు. (నిబంధనలో తొంభై అని మాత్రమే రాసి ఉందట. రోజులని లేదట.)

ఆయన నా ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కు చేశారు. యంత్రం ఇరవై ఆరు నిమిషాలపాటు ఆయన ఓపికను మెచ్చుకొని, చివరికి ఒక మనిషికి అప్పగించింది. ఆ మనిషి ఫిర్యాదు రాసుకొని, పరిష్కారం వివరాలను ఫిర్యాదు చేసిన నంబరుకే పంపుతామని చెప్పింది. ఆ నంబరే లేదు కదా అంటే, అది లేదన్న సంగతే ఫిర్యాదుగా నమోదు చేశామని ధైర్యం చెప్పింది. ఇలా నెల తిరిగేలోగా ఆయన సమస్య మూడుసార్లు పరిష్కారమైంది. మూడుసార్లూ ఆయనకు తెలియలేదు.

దుకాణానికి పని రావడం తగ్గిపోయింది. ఒక సాయంత్రం ఆయన పైకి వచ్చి, తన నంబరుకే ఒకసారి ఫోన్ చేసి చూడమన్నారు. ఎవరైనా ఎత్తితే జెర బతిమాలుకుందామని ఆయన ఆలోచన. చేశాను. రెండోసారి మోగేలోగానే ఎవరో ఎత్తారు.

"హలో, నమస్కారమండీ. హార్మోనియం గురించైతే లైన్లో ఉండండి, పుస్తకం తెచ్చుకుంటాను" అంది ఒక పెద్దావిడ గొంతు.

నేను ఫోన్ ఆయన చేతికిచ్చాను. పుస్తకం వచ్చి, కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించాక ఆయన అన్నారు. "అమ్మా, నేనే బ్రహ్మచారిని. హార్మోనియం బ్రహ్మచారిని."

ఆ గొంతు మామూలుగానే అంది. "మీరేనా అండీ? మీ కోసం పదిహేడు మంది చేశారు. కలం ఉందా? రాసుకోండి."

ఆవిడ పేరు లీలాకుమారి. కాకినాడ వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా బొల్లారంలో ఉంటున్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పాత ఫోన్ పోతే కొత్త సిమ్ కోసం వెళ్లారట. మూడు ఏడులు మీకు కలిసొస్తాయని కౌంటర్లో ఈ నంబరు అంటగట్టారట. మొదటి మూడు రోజులు రాంగ్ నంబరని పెట్టేశారు. నాలుగో రోజు యేసుదాసు అనే పాస్టరు ఎంత చెప్పినా వినకుండా, ఫోన్ తీసుకెళ్లి పెట్టె పక్కన పెట్టి ఒక మెట్టు నొక్కి వినిపించారు. ఆ చప్పుడు విన్నాక ఇక పెట్టేయడానికి మనసు రాలేదని, ఆ సాయంత్రమే రెండువందల పేజీల నోట్‌బుక్ కొన్నానని ఆవిడ చెప్పారు. అప్పటిదాకా తన ఫోన్‌కు గగనవాణి వారు తప్ప ఎవరూ చేసేవారు కాదని కూడా అన్నారు. ఆ మాటను ఫిర్యాదులా చెప్పలేదు, లెక్క చెప్పినట్టు చెప్పారు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి బ్రహ్మచారి గారు నా ఫోన్ నుంచి బొల్లారానికి చేయడం, ఆవిడ ఆ రోజు జాబితా చదవడం మొదలైంది. ఆవిడ పుస్తకంలో గీతలు కొట్టి ఊరు, మనిషి, జబ్బు, తొందర అని నాలుగు గడులు చేశారు. నెల తిరిగేసరికి ఫోన్లోనే విని ఇది గాలి తిత్తి చిరగడమా, రీడు వదులా అని సగం జబ్బులు ఆవిడే పోల్చసాగారు. ఫోన్ చేసినవారిలో ఎవరినీ ఒకటి నొక్కమనలేదు. తొమ్మిది నొక్కమని కూడా అనలేదు.

అప్పుడే శారదమ్మ గారి ఫోన్ వచ్చింది. జనగామ అవతలి ఊరు. భర్త ఉన్నంతకాలం ఇద్దరూ కలిసి ఊరూరా భజనలు పాడారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం సంవత్సరీకం. ఆయన పెట్టె మీద ఆయన పాటలు పాడిస్తానని ఊరందరికీ చెప్పుకుంది. తీరా శుక్రవారం మూత తీస్తే తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. ఈ ముక్కలన్నీ పోగు చేయడానికి లీలాకుమారి గారికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆమె ఏడుపు ఆగేదాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత ఆవిడ రైళ్ల వేళలు చూసి, శనివారం పొద్దున బండికి పెట్టెతో సికింద్రాబాద్ రమ్మని, స్టేషన్లో మనిషి ఉంటాడని శారదమ్మకు చెప్పారు. ఆ వెంటనే నాకు ఫోన్ చేసి ఆ మనిషిని పిలవమన్నారు.

శనివారం స్టేషన్లో, కట్టడం పనుల దుమ్ములో ఒక బెంచీ మీద బ్రహ్మచారి గారు పెట్టె విప్పారు. కొత్త తోలు, జిగురు, మేకులు సంచిలో తెచ్చుకున్నారు. మధ్యాహ్నం తిరుగు బండి లోపు తిత్తి మార్చి, ఐదారు రీడ్లు సరిచేసి, మెట్లు నొక్కి చూడమని పెట్టెను శారదమ్మ ముందుకు జరిపారు. ఆమె నొక్కలేదు. ఆయన చేయి పట్టుకొని, వేళ్లు ఒకసారి తన కళ్లకు అద్దుకుంది. నెలల తర్వాత ఆ వేళ్లను ఒకరు గుర్తుపట్టారు. (యంత్రం సాయం లేకుండా జరిగిన ఈ గుర్తింపు చెల్లదు.)

అయితే ఎంతకాలమిలా అని ఇద్దరికీ అనిపించింది. లీలాకుమారి గారు నంబరు తిరిగి ఇచ్చేస్తానన్నారు. ఒక సోమవారం ఆవిడ లోకల్ రైల్లో వచ్చారు. అప్పుడే ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నారు. ఇద్దరూ కలిసి హరికిషన్ ముందు కూర్చున్నారు. ఇచ్చే మనిషి ఇస్తానంటోంది, పుచ్చుకునే మనిషి పుచ్చుకుంటానంటున్నాడు. మిగిలింది కంపెనీ ఒక్కటే. హరికిషన్ ఒక ఫారం తీసి, నంబరు బదిలీ కుటుంబసభ్యుల మధ్యే కుదురుతుందని, ఇద్దరికీ ఏం సంబంధమో చెప్పమని అడిగాడు.

"ఆయనకొచ్చే ఫోన్లు నేనెత్తుతాను బాబూ" అన్నారు లీలాకుమారి గారు. "అదే సంబంధం."

హరికిషన్ జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. ఆ సంబంధం అందులో లేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, బిళ్ల మీద రాసి లేని మాట ఒకటి అన్నాడు. "అమ్మా, ఇచ్చే బటన్ నాకు ఇయ్యలేదు. తీసేసే బటన్ ఒక్కటే ఉన్నది. ఇంటికి పోండి. ఎత్తుకుంట ఉండండి. నేను ఎవ్వరికి చెప్ప."

అతను చెప్పలేదు. కంప్యూటర్ చెప్పింది. మూడు వారాలకు లీలాకుమారి గారికి ఒక నోటీసు వచ్చింది. గగనవాణి దక్షిణ మండల ముఖ్య ఆనంద పరిరక్షకులు సంతకం చేసిన ఆ నోటీసు సారాంశమిది. నాణ్యతా పర్యవేక్షణలో తేలినదేమనగా, సదరు నంబరుకు వచ్చిన కాల్స్ అన్నీ రెండోసారి మోగేలోపు ఎత్తబడుచున్నవి. ఏ ఒక్కరినీ వేచి ఉండమని సంగీతం వినిపించుట లేదు. ఫోన్ చేసినవారు పని జరిగి, సంతృప్తితో పెట్టివేయుచున్నారు. ఇట్టి ప్రమాణాలు వ్యక్తిగత కనెక్షన్ మీద అసాధ్యము గనుక, ఆ చిరునామాలో అనుమతి లేని కస్టమర్ సేవా కేంద్రము నడుచుచున్నట్లు నిర్ధారించడమైనది.

విచారణ బేగంపేటలో, ఏసీ గదిలో జరిగింది. ముగ్గురు అధికారులు ఉన్నారు. ఆవిడ నోట్‌బుక్ తీసుకెళ్లారు. వారు పేజీలు తిప్పి, నాలుగు గడులూ చూసి, ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడ కొన్నారని అడిగారు. స్కేలుతో గీశానని ఆవిడ చెప్పారు. ఎంతమంది సిబ్బంది అని అడిగితే, మోకాళ్ల నొప్పులతో సహా తానొక్కదాన్నేనన్నారు. చివరగా వారిలో పెద్దాయన ముందుకు వంగి, అసలు ఫోన్ ఎత్తమని మీకు ఎవరు చెప్పారని అడిగాడు.

"మోగింది కదండీ" అన్నారావిడ.

దీన్ని నేరాంగీకారంగా నమోదు చేసుకున్నారు.

నంబరు మళ్లీ తీసేశారు. నోట్‌బుక్‌లో ఊళ్లూ పేర్లూ ఉన్నాయి కాబట్టి లీలాకుమారి గారు, బ్రహ్మచారి గారు, నేను కూర్చొని దొరికిన డెబ్బై ఎనిమిది మందికి ఉత్తరాలు రాశాం. లచ్చమ్మ గారి పేరు మీద తీసుకున్న కొత్త నంబరు అందులో ఉంది. (గిన్నెలు తోమే చేతులే అయినా, యంత్రం ఎందుకో ఆమెను ఒప్పుకుంది.) మిగతా పెట్టెల మూతల్లో మాత్రం పాత చీటీలే ఉన్నాయి. వాటిని మూసినవాళ్లెవరో, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో మాకు తెలియదు. సాయంత్రం ఆరింటికి బ్రహ్మచారి గారు ఇప్పటికీ ఒక్కోసారి పైకి వస్తారు. కాసేపు కూర్చొని, ఫోన్ అడగకుండానే దిగిపోతారు.

ఆ నంబరు ఇప్పుడు మల్కాజ్‌గిరిలో సత్యదేవ్ అనే పెద్దమనిషి దగ్గరుందని హరికిషన్ రహస్యంగా చెప్పాడు. ఆయన వద్దకు చేరినప్పటి నుంచి దాని మీద ఒక్క సమస్య కూడా రాలేదని, తమ సేవల చరిత్రలో ఇది ఆదర్శ కనెక్షన్ అని గగనవాణి వారు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారట. సత్యదేవ్ గారు తెలియని నంబర్లు ఎత్తరు.