గొర్రెల దొడ్డిలో ఇరవై నిమిషాలు

మంగళవారం పొద్దున చంద్రమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గొర్రెలు మేతకు పోగానే దొడ్డిలోకి దూరి తడిక దగ్గరగా వేసుకోవాలి. ఇరవై నిమిషాలు ఎగరాలి. ఎవరి కంటా పడకుండా బయటికి రావాలి. శుక్రవారం దాకా ఇదే పని. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. అతనికీ అలాగే అనిపించింది.

అతను బస్సు డ్రైవరు. కురబలకోటలో బయలుదేరి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం పోయే ప్రైవేటు బస్సును ఇరవై రెండేళ్లుగా తోలుతున్నాడు. మూడు వారాల కిందట ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కోసం పోతే, డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, తల అడ్డంగా ఊపాడు. పైన నూట అరవై, కింద వంద. పైది నూట నలభైకి, కిందది తొంభైకి లోపల ఉంటే తప్ప సంతకం పెట్టనన్నాడు. బస్సు ఓనరు లక్ష్మయ్య మూడు వారాలు గడువిచ్చి, తాళాలు ఓబులప్ప అనే మరో డ్రైవరుకు ఇచ్చాడు. శుక్రవారంతో ఆ గడువు సరి. ఆ తర్వాత స్టీరింగు ఓబులప్పదే. రోజూ ఎనిమిది గంటలకు తన బస్సు తన ఇంటి ముందు నుంచే ఇంకొకడి చేతిలో హారన్ కొట్టుకుంటూ పోతుంటే చంద్రమోహన్‌కు ఇంట్లో నిలవబుద్ధయ్యేది కాదు.

మాత్రలు డాక్టరు రాసిచ్చాడు. మిగతాది నర్సు ఎలిజబెత్ కాగితం మీద రాసిచ్చింది. ఐదు నిమిషాలు నిలబడ్డచోటే మెల్లగా నడక. పది నిమిషాలు మోకాళ్లు ఎత్తుతూ, చేతులు పైకి చాస్తూ జోరుగా. చివర ఐదు నిమిషాలు మళ్లీ మెల్లగా.

"అన్నా, రెండు మాటలు గుర్తుపెట్టుకో" అంది ఆమె. "చేస్తా చేస్తా మాట్లాడి చూసుకో. మాట వస్తాంటే సరిగ్గా ఉండాదని. హాయిగా పాట పాడతాంటే ఇంకా చాలదని. మాటే రాకుంటే మీరిపోయినావని. ఇంకోటి, జోరుమీద ఉన్నప్పుడు టక్కుమని నిలబడిపోవద్దు. మెల్లమెల్లగా తగ్గించు. రొమ్ములో నొప్పొచ్చినా, తల తిరిగినా మాత్రం కూర్చోని మనిషిని పిలువు."

పదహారు రోజులు ఇంట్లోనే, భార్య ఉషతో కబుర్లు చెబుతూ ఎగిరాడు. ఆదివారం చూపించుకుంటే నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఎనిమిది. శుక్రవారం డాక్టరు సంతకం నాటికీ ఇలాగే ఉంటే గట్టెక్కినట్టే అనుకున్నాడు. సోమవారం గుర్రంకొండలో కూతురింటి నుంచి అమ్మ చిక్కమ్మ తిరిగి వచ్చింది.

ఆవిడకు బీపీ సంగతి తెలియకూడదు. చంద్రమోహన్ తండ్రి యాభయ్యో ఏట గొర్రెల వెనకాల పోతూ పోతూ పక్షవాతంతో కుప్పకూలాడు. చంద్రమోహన్‌కు ఇప్పుడు నలభై తొమ్మిది. బీపీ అన్న మాట వింటే చిక్కమ్మ ఆ రోజు నుంచే అన్నం మానేస్తుంది. అందుకే కార్యక్రమం ఇంట్లోంచి దొడ్డికి మారింది.

దొడ్డిలో ఈగలు. వాటిని తోలుకోవడానికి చేతిలో ఒక వేపమండ పట్టుకున్నాడు. ఉక్కపోతకు తలమీద తడి తువ్వాలు వేసుకున్నాడు. ముందురోజు దొడ్డి చూసుకోవడానికి వచ్చినప్పుడు కాలు మడత పడితే చిక్కమ్మే పసుపు ఉడకేసి పట్టు వేసింది. ఒక కాలికి వేస్తే రెండోది అలుగుతుందని రెండు కాళ్లకూ మోకాళ్ల దాకా పూసింది. ఇక మాట్లాడి చూసుకోవడానికి ఉష లేదు, ఆమె మదనపల్లెలో కుట్టుమిషను పనికి పోయింది. ఒంటరిగా ఏం మాట్లాడాలో తోచక, నోటికి అలవాటైన స్టేజీల పేర్లే అందుకున్నాడు.

"మదనపల్లే... పుంగనూరూ... పలమనేరూ... కుప్పం!"

కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి అన్నపూర్ణమ్మ తడిక సందులోంచి చూసింది. పసుపు కాళ్లు. వేపమండ. తడి తల. కళ్లు మూసుకుని చేతులు పైకెత్తి గంతులు. నోట ఊర్ల పేర్లు. పైగా మంగళవారం. ఇన్ని చూశాక అది పూనకం కాదనుకోవడానికి ఆవిడేం పిచ్చిది కాదు.

"చిక్కమ్మ వదినా! నీ కొడుక్కు గంగమ్మ వచ్చిండాది, రా!"

చంద్రమోహన్ కళ్లు తెరిచేసరికి ఎదురుగా కర్పూరం వెలుగుతోంది. దాని వెనక అమ్మ, అమ్మ వెనక పదిమంది ఆడవాళ్లు. అప్పటికి పద్నాలుగు నిమిషాలైంది. గుండె మద్దెల కొడుతోంది. నిలబడిపోదామనుకున్నాడు, నర్సు మాట గుర్తొచ్చింది. ఎగురుతూనే ఉన్నాడు.

"ఏంటికి వచ్చినావు తల్లీ?" అని చిక్కమ్మ చేతులు జోడించింది.

"నాకేం... రాలేదుమా... ఆయాసం... వచ్చిండాది!"

"కోపం చేయొద్దు తల్లీ. నీకేం కావల్ల?"

"నీళ్లు!"

ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బోర్లు ఎండి ఏడాదైంది. అమ్మవారు వానల సంగతి ఎత్తుతోంది.

"ఎప్పుడు తల్లీ?" అంది అన్నపూర్ణమ్మ ఆత్రంగా.

"తప్పుకోండి... ఇంగా ఐదుండాది... ఐదు!" అన్నాడతను, నిమిషాలు అనడానికి ఊపిరి చాలక.

ఐదు రోజులని ఒకరు, ఐదు వారాలని ఒకరు, కాదు ఐదు పొట్టేళ్లు అడుగుతోందని మరొకరు. ఈ తగువు నడుస్తుండగా అతను అడుగులు నెమ్మదించాడు. "అమ్మ దిగతాండాది" అని అందరూ దారి ఇచ్చి, కాళ్లమీద చెంబెడు నీళ్లు పోశారు. తాగడానికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

కాస్త తేరుకున్నాక అతను మొత్తుకున్నాడు. "అది ఎక్సర్‌సైజు అత్తా. నిజంగా!"

"ఏంటికప్పా?"

అమ్మ అక్కడే ఉంది. బీపీ అనలేడు. "ఊరికే" అన్నాడు.

"ఊరికే గొర్రెల దొడ్డిలో ఎవురైనా ఎగరతారా?" అంది అన్నపూర్ణమ్మ. "పూనకం వచ్చినోడు వచ్చిందని యాడన్నా ఒప్పుకుంటాడా? పాపం, ఆ పిల్లోనికేం తెలుసు."

సరిగ్గా ఎనిమిదికి బస్సు వచ్చింది. అన్నపూర్ణమ్మ ఎక్కింది. ఇక ఊరుకోవడం ఎవరి తరం? మదనపల్లె చేరేసరికి చంద్రమోహన్‌కు పూనకం వచ్చింది. పుంగనూరు చేరేసరికి అతను అరచేతిలో కర్పూరం వెలిగించుకున్నాడు. కుప్పంలో దిగేసరికి చచ్చిన గొర్రెను లేపి నిలబెట్టాడు. గొర్రె ఎలా ఉందని సాయంత్రం కుప్పం నుంచి ఉష పిన్నమ్మ ఫోను చేసి అడిగింది.

బుధవారం పొద్దున దొడ్డి ముందు నలభైమంది. సదుం నుంచి ఒకాయన పొట్టేలును తోలుకొచ్చి గుంజకు కట్టేశాడు. అంతమంది ముందు చంద్రమోహన్ ఎగరలేకపోయాడు. గుండె మాత్రం తనంతట తానే ఎగిరింది. మధ్యాహ్నం మదనపల్లె పోయి చూపించుకుంటే నూట యాభై రెండు, తొంభై ఆరు.

దారిలో లక్ష్మయ్య ఫోను. "ఏమప్పా చంద్రా, నీకు అమ్మ వస్తాండాదంట?"

"లేదు సార్. అది ఆయాసం సార్."

"నాకు భక్తి లేదని కాదప్పా. మంచిదే, రానీ. ఇంట్లో వస్తే దండం పెడతాను. వీకోట మలుపులో వస్తే? యాభైమందుంటారు బస్సులో. నువ్వు స్టీరింగు వదిలి చేతులు పైకెత్తితే నా గతేంది?"

"సార్, ఇరవై రెండేండ్లు..."

"శుక్రవారం నేనే బస్సులో వస్తా. నా కండ్లతో చూస్తా. అమ్మ వచ్చిందా, సర్టిఫికెట్టు ఉన్నా నాకొద్దు."

చంద్రమోహన్‌కు నిజంగానే భయం వేసింది. ఎగరకపోతే బీపీ తగ్గదు. ఎగిరితే గంగమ్మ. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో అతనికి ఆ రోజు తెలిసింది. ఇరవై రెండేళ్ల బతుకు ఆ ముందు సీట్లోనే గడిచింది. ఆ సీటు పోతే పొద్దున్నే లేచి ఏం చేయాలో కూడా అతనికి తెలియదు.

గురువారం మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పేశాడు.

"నాకు తెలీదా నాయనా," అంది చిక్కమ్మ. "నువ్వు కూట్లో ఉప్పేసుకోకుంటే వచ్చిన రోజే అనుమానం వచ్చింది. అమ్మ వచ్చిండాదంటే నాకు ధైర్యం. బీపీ అంటే భయం. రెండిట్లో ధైర్యాన్నే నమ్ముకున్నా. మీ నాయన గూడా ఎవురికీ చెప్పలేదు రా."

ఆ సాయంత్రం చిక్కమ్మే దొడ్డి గుమ్మంలో కర్ర పట్టుకుని కూర్చుంది. కొడుకు ఇరవై నిమిషాలు ఎగిరేదాకా ఒక్కరినీ లోపలికి రానివ్వలేదు. అమ్మవారికి కాపలా కాస్తోందని ఊరు మెచ్చుకుంది.

శుక్రవారం ఏడున్నరకే ఓబులప్ప బస్సు తెచ్చి ఇంటి ముందు ఆపాడు. లక్ష్మయ్య దిగాడు. భారీ మనిషి. మెట్లు దిగడానికే రెండుసార్లు ఆగాడు. వెనకే ప్రయాణికులూ దిగారు. ఉష బతిమాలి పిలిపించిన ఎలిజబెత్ అప్పటికే స్కూటీ మీద మిషనుతో వచ్చి ఉంది.

"ముందు బీపీ చూస్తా. పక్కన ఎవురూ మాట్లాడకూడదు, ఐదు నిమిషాలు" అందామె. అరవైమంది నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ ఊళ్లో జరిగిన అసలు మహిమ అదే.

పట్టీ బిగుసుకుంది. చంద్రమోహన్ కళ్లు మూసుకున్నాడు. చిక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గాలి బుస్సున దిగింది.

"నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు" అంది ఎలిజబెత్. "డాక్టరు పదింటికి ఆసుపత్రికి వస్తారు. ఆయన గూడా ఒకసారి చూసి సంతకం పెడతారు."

చిక్కమ్మకు ఆ అంకెలు ఏమిటో తెలియదు. కొడుకు మొహం చూసి తెలుసుకుని, కళ్లు తుడుచుకుని, తన చెయ్యి కూడా చాచింది. "నాకూ సుట్టమ్మా."

"సర్టిఫికెట్టు సరే. అమ్మ సంగతేంది?" అన్నాడు లక్ష్మయ్య.

"అది అమ్మ కాదు సార్, ఇది" అంటూ ఎలిజబెత్ స్వయంగా నడక మొదలుపెట్టింది. మోకాళ్లు ఎత్తింది, చేతులు పైకి చాచింది, గట్టిగా పదమూడో ఎక్కం చెప్పింది.

"అయ్యో, సిస్టరమ్మకు గూడా వచ్చిండాది!" అంది అన్నపూర్ణమ్మ.

"ఆమె చర్చికి పోయే మనిషి కదమ్మే!" అంది పక్కనున్నామె.

"గంగమ్మకు ఆ భేదాలు లేవులే" అని అన్నపూర్ణమ్మ కర్పూరం వెతుక్కుంది. ఎలిజబెత్ పళ్లు నూరుకుంది. అయినా టక్కుమని ఆగలేదు, పద్ధతి ప్రకారమే నెమ్మదించింది.

లక్ష్మయ్యకు నవ్వొచ్చింది. "ఇంతేనా? దీనికే ఊరంతా ఇంత గోలా? నేను కబడ్డీ ఆడినోణ్ణి. సూడండి" అని పంచె ఎగగట్టాడు.

"మెల్లగా మొదలుపెట్టండి సార్. అసలు మీరు చూపించుకోకుండా..." అంటూనే ఉంది ఎలిజబెత్. ఆయన అప్పటికే ఎగురుతున్నాడు. మొదటి నిమిషం బాగానే ఉంది. రెండో నిమిషంలో మొహం ఎర్రబడింది. మూడో నిమిషంలో గొంతు చించుకుని "కుప్పం" అనబోయి "కు" దగ్గరే ఆగిపోయాడు. కళ్లు పైకి తేలాయి. చంద్రమోహన్ ఒక్క ఉదుటున వెళ్లి పట్టుకుని అరుగుమీద కూర్చోబెట్టాడు.

అంతే, అరవైమందీ ఆయన కాళ్లమీద పడ్డారు. "తల్లీ! వాన ఎప్పుడు తల్లీ?"

"నాకేం రాలేదప్పా!" అన్నాడు లక్ష్మయ్య రొప్పుతూ. "ఆయాసం... ఆయాసం వచ్చిండాది!"

"మా పిల్లోడు గూడా అట్లే అన్నాడు సామీ" అంది అన్నపూర్ణమ్మ జాలిగా.

లక్ష్మయ్య చంద్రమోహన్ మొహంలోకి చూశాడు. ఆ చూపులో మూడు రోజుల కథంతా ఆయనకు అర్థమైంది. పావుగంట కూర్చోబెట్టాక ఎలిజబెత్ ఆయన చేతికి పట్టీ చుట్టింది. నూట ఎనభై ఎనిమిది, నూట పది. ఆమె ఆ అంకెలు పైకి చదవలేదు. "సార్, ఇప్పుడే మాతో ఆసుపత్రికి రావల్ల" అంది.

బస్సును మదనపల్లె దాకా ఓబులప్ప తోలాడు, ప్రయాణికులు అక్కడ వేరే బస్సు పట్టుకున్నారు. పదిన్నరకు డాక్టరు రెండు కాగితాలు రాశాడు. సంతకం పెట్టిన సర్టిఫికెట్టు చంద్రమోహన్‌ది. మాత్రలు, ఉప్పు తగ్గింపు, కొన్ని పరీక్షలు, అవి అయ్యేదాకా నిమ్మళంగా నడక మాత్రమే అన్న కాగితం లక్ష్మయ్యది. పరీక్షలు ముగిసేసరికి మధ్యాహ్నమైంది. లక్ష్మయ్య ఓబులప్ప చేతిలోంచి తాళాలు తీసి చంద్రమోహన్ చేతిలో పెట్టి, ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఇంట్లో చెప్పొద్దప్పా. మా అమ్మకు తెలిస్తే అన్నం మానేస్తాది" అన్నాడు మెల్లగా.

చంద్రమోహన్ నవ్వలేదు. హారన్ కొట్టి బండి కదిలించాడు.

పుంగనూరు పొలిమేర దాటి ఊళ్లోకి రాగానే అక్కడే ఉన్న లక్ష్మయ్య ఇంటి ముందు జనం కనిపించారు. పొద్దున ఊళ్లో ఉండిపోయిన అన్నపూర్ణమ్మ దగ్గర ఫోనుంది మరి. కొబ్బరికాయలు, కర్పూరం, రెండు పొట్టేళ్లు, అందరికన్నా ముందు చేతులు జోడించి ఓనరుగారి ముసలి తల్లి. "ఆపొద్దు, పోనీ, పోనీ!" అని లక్ష్మయ్య సీట్లో కిందికి జారాడు.

అది స్టేజీ. చంద్రమోహన్ టక్కుమని బ్రేకు వేయలేదు, మెల్లమెల్లగా తగ్గించాడు.