రామభజనలో పుట్టిన పటాలం

పందొమ్మిది వందల పదిహేడులో, మారిషస్ దీవి రివియేర్ దు రాంపార్ జిల్లాలో, మా చెరకుతోట కోరంగీలు యావన్మందీ ఒక శనివారం సాయంత్రం మెసొపొటేమియా యుద్ధానికి స్వచ్ఛందంగా పేర్లిచ్చారని ఇందుమూలముగా సకల జనులకూ తెలియజేయడమైనది. కోరంగీలంటే మేమే. మా పెద్దలు కోరంగి రేవులో ఓడ ఎక్కారు గనక ప్రభుత్వంవారు మా భాషకూ కులానికీ దేవుడికీ కలిపి ఆ ఒక్క పేరే పెట్టి పని తేలిక చేసుకున్నారు. పేర్లిచ్చిన వీరుల్లో, నిలబడాలంటే మనవరాలి భుజం కావలసిన సుబ్బమ్మ ఉంది. చంటిపిల్లల తల్లులున్నారు. కళ్ళు కనపడని మద్దెల తాత ఉన్నాడు. ఇంతటి దేశభక్తి తానెక్కడా చూడలేదని మేజిస్ట్రేటు దొరగారు స్వయంగా అన్నారు. ఏ దేశం మీద భక్తో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ ఘనకార్యం జరిగిన విధం విన్నవిస్తాను. మా రామభజనకు ఒక కట్టుబాటుంది. దీపం పక్కన నిలబడ్డవాడు చరణం అంటాడు, చుట్టూ తిరిగేవాళ్ళు అదే చరణం తిరిగి అంటారు. అర్థం తెలిసి తీరాలన్న నియమం లేదు. వంత తప్పడం మాత్రం మహాదోషం. మా భజనగురువు రామానుజంగారు చరణం మధ్యలో దగ్గితే ఆ దగ్గును కూడా భక్తితో అందుకున్న సందర్భాలున్నాయి.

ఆ శనివారం మేజిస్ట్రేటు దొరగారు మందిరానికి వేంచేశారు. తురుష్కులతో పోరు సాగుతున్న మెసొపొటేమియాలో, బస్రా రేవులో మూటలు మొయ్యడానికీ రోడ్లు వెయ్యడానికీ కూలీల పటాలం ఒకటి కడుతున్నారనీ, ఇష్టమున్నవాళ్ళు చేరవచ్చుననీ చెప్పడం వారి ఉద్దేశం. వెంట కోర్టు దుబాసీ జగన్నాథంగారు వచ్చారు. దుబాసీగారు వెలుతురు కోసం దీపం పక్కన నిలబడ్డారు. కోర్టు దుబాసీ ఎవరి మాట చెప్పినా "నేను" అనే చెప్పాలి. దొంగ మాట చెబితే "నేను దొంగిలించితిని" అంటాడు, ఎవరూ ఆయన్ను పట్టుకోరు. దొరగారు తన మనసులో మాట ఇంగ్లీషులో ఒక్కొక్క ముక్కా అంటూంటే, దుబాసీగారు ఒక్కొక్క ముక్కా తెలుగు చేసి ఆగారు.

"నాకు వయసున్నచో," అన్నారు దుబాసీగారు.

"నాకు వయసున్నచో," అన్నారు ఊరివారు.

"నేడే యుద్ధమునకు వెళ్ళుదును."

"నేడే యుద్ధమునకు వెళ్ళుదును!"

"రాజుగారి కొరకు ప్రాణమైన నిత్తును."

ఈ చరణానికి మద్దెల బాగా కుదిరింది. తాళాలు అందుకున్నాయి. ఊరివారు దీన్ని రెండో కాలంలో ఒకసారి, మూడో కాలంలో ఒకసారి పాడి దీపం చుట్టూ తిరిగారు. వీళ్ళేమంటున్నారని దొరగారు అడిగారు. "రాజుగారి కోసం ప్రాణమైనా ఇస్తామంటున్నారండీ," అని దుబాసీగారు ఉన్నదున్నట్టు చెప్పారు. అన్నది చెప్పడమే ఆయన ఉద్యోగం. ఎందుకన్నారో చెప్పమంటే దానికి వేరే మనిషిని వేసుకోవాలి. దొరగారు టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నారు. వెంట వచ్చిన గుమాస్తా ఇంటింటి పేర్లూ రాసుకున్నాడు. ప్రసాదాలకు కాబోలనుకుని జనం తీరిగ్గా చెప్పారు.

ఆపైన మా ఊరికి మంచిరోజులొచ్చాయి. పోర్ట్ లూయిస్ ఫ్రెంచి పత్రికలు మమ్మల్ని మెచ్చుకున్నాయి. ప్రభుత్వంవారు బంగారు అంచు చట్రంలో యోగ్యతాపత్రం బిగించి రైల్లో పంపారు. దాన్ని మందిరంలో శ్రీరామ పట్టాభిషేకం పటం పక్కనే, రవ్వంత ఎత్తున తగిలించారు. మేకు అక్కడే ఉంది మరి. తోట దొర కూడా చాలా సంతోషించాడు. యుద్ధం పుణ్యమా అని పంచదార ధర ఎంత పెరిగిందంటే, చర్చిలో శాంతి కోసం ప్రార్థించేటప్పుడు ఆయన గొంతు బాగా తగ్గించేవాడు.

ఇలాంటి శుభసమయంలో పానకంలో పుడకలా తగులుకున్నవాడు ఆదినారాయణ. ఈయన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పంతులు. అది చాలదన్నట్టు "చెరకుబాట" అని ఒక వారపత్రిక నడిపేవాడు. నడపడమంటే, ఒక పెద్ద కాగితం మీద చేత్తో రాసి, చీనావాడి దుకాణం తలుపుకు అంటించడం. ఆ వారం ఆయన రాసింది ఇదీ: "మనం ఇచ్చినది పేర్లు కాదు, వంత. ఇంతకీ తురుష్క సుల్తానుకూ మనకూ తగాదా ఏమిటి? ఆయన మన చెరకు తొక్కించాడా? మన మేకను తోలుకుపోయాడా? లండనులో తీర్మానించిన పోరుకు మనల్ని అడిగిందెవరు?"

ఊరివారికి కోపం వచ్చింది, రావలసిందే. గొప్ప గొప్ప రాజ్యాల విదేశాంగ విధానంలోకి మేకను తీసుకురావడం మర్యాదేనా? "ప్రభువులకు తెలియంది పంతులికి తెలుసునా?" అన్నారు రామానుజంగారు. తెలుసునా అని అందరూ అన్నారు.

తరవాత పటాలం డాక్టరు వచ్చి వీరులను పరీక్షించాడు. ఆడవాళ్ళనూ ముసలివాళ్ళనూ తీసేశాడు. తోట కూలీల మీద పెత్తనం చేసే సర్దారు జగ్గయ్య కొడుకులు ముగ్గురికీ ఒకేరోజు కుడికాలు కుంటిపడింది. గురువుగారి మేనల్లుడికి చెవుడు వచ్చింది, డాక్టరు వెళ్ళగానే నయమైంది. ఇలా దేవుడి దయవల్ల తలా ఒక రోగం సమకూరగా, ఏ రోగమూ సంపాదించుకోలేనివాడు ఒక్క ఎంకన్న మిగిలాడు. మొగుడు పోయిన అంకమ్మకు ఒక్కగానొక్క కొడుకు. సర్దారు చుట్టం కాడు, గురువు చుట్టం కాడు. మంచి పిల్లాడు. ఆ మాట ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు.

అంకమ్మ పంతులి దగ్గరికి పరుగెత్తింది. "పంతులుబాబూ, మావోడు పాట పాడినాడు గానీ ఎల్తానని అన్లేదు. సిన్నప్పటినుంచీ ఆడికి భజనంటే ఇష్టం బాబూ. ఆ మాట దొరకి సెప్పు," అని ఏడ్చింది. ఆదినారాయణ ఆమెను వెంటబెట్టుకుని మేజిస్ట్రేటు కచ్చేరీకి వెళ్ళాడు. దొరగారు చెడ్డవారు కారు. అంతా విని, దుబాసీగారి నోట ఇలా సెలవిచ్చారు: "ఆనాడు పాడినది భజనయే అని మీ గురువు వచ్చి చెప్పినచో, నేను పేర్లన్నియు కొట్టివేసెదను. అయితే యోగ్యతాపత్రము వాపసు చేయవలెను."

ఆదివారం మందిరంలో సభ జరిగింది. ఇంత పెద్ద సభ మా తోటలో అంతకుముందు జరగలేదు. రామానుజంగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సభాసదులారా! ఎంకన్న నాకు బిడ్డవంటివాడు. వాడంటే నాకు ప్రాణం. అయితే ఆ పత్రం చూడండి. ఎంత తళతళలాడుతోందో చూడండి! అది వచ్చినప్పటినుంచీ మనం స్టేషనుకు వెళితే టికెట్టు గుమాస్తా కుర్చీలోంచి లేస్తున్నాడు. ఈరోజు దాన్ని తిప్పి పంపితే రేపు మన ముఖం ఎవరు చూస్తారు? కోరంగీలు పాటకూ మాటకూ తేడా తెలియని మూఢులని నవ్వరా? పత్రం పోతే పరువు పోతుంది. ఎంకన్న వెళితే పరువు పెరుగుతుంది. ఇందులో ఆలోచించవలసింది ఏముంది?"

అంకమ్మ లేచింది. "నిండుపానం గురువుబాబూ ఆడిది. ఆ అద్దం కాయితం పాటి సెయ్యడేటి నా కొడుకు?"

ఆ మాటకు సభ కరిగిపోయింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. జగ్గయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే అందరూ పత్రం వైపు చేతులెత్తారు. ఆదినారాయణ ఒక్కడే ఎత్తలేదు. తీర్మానంలో "ఏకగ్రీవంగా" అని రాశారు, ఎందుకంటే పత్రికలు నడిపేవాళ్ళను జనంలో లెక్కపెట్టే ఆచారం లేదు.

ఎంకన్నను మేళతాళాలతో రైలెక్కించారు. వాడు కిటికీలోంచి తల్లి వైపే చూస్తూ, "అమ్మా, మేకకి మేత ఎయ్యడం మరిసిపోకు," అన్నాడు. రామానుజంగారు మాత్రం రైలు కదిలేదాకా మాట్లాడారు.

ఎంకన్న బస్రాలో జ్వరంతో పోయాడు. సుల్తానును వాడు చూడనే లేదు. కబురు రాగానే ఊరంతా అంకమ్మ గుమ్మం ముందు చేరి, ఎవరికి దక్కుతుంది ఇలాంటి భాగ్యం అన్నారు. ఆమె తలుపు వేసుకుంది. దుఃఖంలో మర్యాదలు మరిచిపోవడం సహజమని ఊరివారు పెద్దమనసుతో క్షమించారు.

మరుసటి ఏడు యుద్ధం ముగిసింది. జెండాలు కట్టారు, మిఠాయి పంచారు. మా తోటవాళ్ళంతా యుద్ధవీరుల హోదాలో మందిరం ముందు వరసగా కూర్చున్నారు. సుబ్బమ్మకు కూడా దండ వేశారు. పక్క తోట పిల్లలు యుద్ధం ఎలా ఉంటుందని అడిగితే, జగ్గయ్య కొడుకులు ముగ్గురూ వంతులవారీగా వివరించారు. సరిగ్గా ఆ పొద్దునే చీనావాడి తలుపు మీద "చెరకుబాట" కొత్త సంచిక వెలిసింది. అందులో వార్తల్లేవు, వ్యాసాల్లేవు, ఒక్క ప్రశ్న ఉంది: "ఊరంతా వెళ్ళిన యుద్ధంలోంచి అందరూ తిరిగొచ్చి, ఎంకన్న ఒక్కడే ఎందుకు రాలేదు?"

సాయంత్రానికి కాగితం చింపేశారు. వారం తిరిగేసరికి పంతులు ఇల్లు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. ఆయన పోర్ట్ లూయిస్ చేరి, రేవులో మూటల లెక్క రాస్తున్నాడని విన్నాం. మనిషి చెడ్డవాడని మేం అనడంలేదు. అయితే పండగపూట, నలుగురూ సంతోషంగా ఉన్నవేళ, ఇలాంటి ప్రశ్నలు అడిగే మనిషి మీ పక్కింట్లో ఉంటే మీరేం చేసేవాళ్ళు? చదువుకున్నవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు, మీకు వేరే చెప్పాలా? మేమూ అదే చేశాం.