దేముడి బొటనవేలు, ఆకుపచ్చ వలయము

ఆలకింపుడు, అయ్యలారా, అమ్మలారా! ద్వీపము పేరు, ఖండము పేరు అంటూ మొదలుపెడితే పొద్దుపోవును గనుక సూటిగానే చెప్పెదను. శారదానదీతీరమున, సకలమధురపదార్థసార్వభౌమమగు బెల్లమునకు రాజధానియై వెలుగొందు అనకాపల్లికి కూతవేటు దూరమున, పుష్యమాసపు మంచు చెరుకుతోటలనింకను విడువని ఒకానొక మంగళవారము, ఉదయము ఎనిమిదిన్నర గంటలకు, ఒక మహాసంగ్రామము సంభవించెను. అందు ఏనుగులు లేవు, గుర్రములు లేవు. ఒక ఫోను, ఒక బొటనవేలు, వాటి నడుమ నాలుగో తరగతి చదువు పిల్ల ఒకతె, అంతే.

ఆ బొటనవేలు ఎవరిదనగా, ఇరువదియేండ్లుగా కుతకుతలాడు పాకమును తెడ్డుతో కలియబెట్టి, పొగలు గ్రక్కు బెల్లమును చేతులతోనే దిమ్మలు చుట్టి, అగ్నిహోత్రునితో నిత్యమును కయ్యమాడు పాకవిద్యాధురంధరుడగు దేముడిది. కాలి, కాయలు కాచి, గీతలన్నియు అరిగిపోయిన ఆ వేలికి ముల్లు గుచ్చినను తెలియదు, నిప్పు తగిలినను “ఎవరది?” అని నింపాదిగా అడుగును.

ఇక సంగ్రామకారణము. బడిలో సుమశ్రీ టీచరుగారు తల్లిదండ్రుల ఫోనులలో ఒక చదువుల యాప్ వేయించిరి. పిల్ల అందులోని కథను పైకి చదవవలెను. ఇంట ఒకరు విని, తెరమీది ఆకుపచ్చ వలయముపై వేలు మోపి, అది నిండువరకు, అనగా అయిదు లెక్కించునంతసేపు, ఎత్తకుండ ఉంచవలెను. ఇన్నాళ్లును తల్లి శ్రీదేవి ఆ పనిని అవలీలగా నెరవేర్చెను. ఈ వారము మాత్రము నాన్నల వారము. తొమ్మిదింటికి బడిగంట, అదే గడువు. “మీ నాన్న బెల్లం పెనం ఒగ్గేసి వత్తాడేటి?” అని తోటిపిల్లలు నవ్వగా, దేముడి కూతురు లావణ్య, “మా నాన్న ఇంటాడు, సూడండి!” అని తరగతి నడుమ శపథము చేసి వచ్చినది.

దేముడు పెనమును బావమరిది నూకరాజునకు అప్పగించి నిజముగనే వచ్చెను. బెల్లము వండు పాక గుమ్మమున కూర్చుండెను. యాప్‌లోని పిచ్చుక కథను ఆసాంతము వినెను. అక్షరమెరుగని ఆ మనిషి, కూతురు గడగడ చదువుచుండగా ప్రతి మాటకును తల ఊపెను. కాని వినెనని సాక్ష్యము చెప్పవలసినది వేలొక్కటే.

అంతట ఆ వీరుడు బొటనవేలిని గదవలె ఎత్తి వలయముపై మోపెను. వలయము చలింపలేదు. తువాలుతో తుడిచి మోపెను, వేడినీట కడిగి మోపెను, కొబ్బరినూనె రాచి మోపెను. పిదప చూపుడువేలిని, నడిమివేలిని, ఉంగరపువేలిని, తుదకు యుద్ధమెరుగని చిటికెనవేలిని సైతము రణరంగమునకు పంపెను. రెండు చేతుల పదుగురు యోధులును పరాజితులై వెనుదిరిగిరి. చంటిబిడ్డ చేయి తగిలినంతనే పులకరించు ఆ కర్కశకాచఫలకము, ఇంటిని పోషించు చేతిని చేయిగా ఎంచలేదు. నాకు కోపము రాదా?

దేముడికి నాకన్న ముందే వచ్చెను. “ఓసి గాజుముక్కా! మండే పెనానికి జడవనోడ్ని, ఇరవయ్యేళ్లు పాకాన్ని లొంగదీసినోడ్ని, నా ఏలుకి ఇలవనియ్యవేటే? ఇయ్యాల నువ్వో నేనో తేలిపోవాల!” అని గర్జించెను.

అతని తల్లి బుల్లమ్మ సంధివచనములు పలికెను. “ఎందుకురా ఈ గోల? మన గుంట లావణ్యే ఏలెట్టేత్తే అయిపోద్ది గదా. ఎవులు సూడొచ్చేరు?”

“సదివింది నాను, నాన్నమ్మా. ఇన్నది నాన్న,” అనెను లావణ్య. “నా ఏలెడితే అది అబద్ధమైపోద్ది.”

ఆ మాటకు ముసలమ్మ తన సంధిని తానే ఉపసంహరించుకొనెను. అది సామాన్యముగా జరుగు సంగతి కాదు.

అప్పుడు పెనము చెంతనుండి నూకరాజు, “బావా, ముక్కుతో నొక్కీ!” అని కేకవేసెను. దేముడు వంగి నాసికాస్త్రమును సంధించెను. ఆశ్చర్యము! వలయము కదిలెను. “ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని లావణ్య లెక్కించుచుండగా, పెనము క్రింది పొగ ఒక్కసారిగా క్రమ్ముకొనగా, దిక్కులు పిక్కటిల్లునట్లు దేముడు తుమ్మెను. ఫోను చెరుకుపిప్పిలో పడెను. వలయము మొదటికి వచ్చెను. మరల వంగెను, మరల తుమ్మెను. పొగ పెనముది, తుమ్ము దేముడిది, ఓటమి లావణ్యది.

ఎనిమిది గంటల యేబదియారు నిమిషములు. పిల్ల కన్నులలో నీరు నిండెను గాని క్రింద పడనీయలేదు. అది చూచి తండ్రి మనసు చివుక్కుమనెను. ఏమి చేయుటకును తోచక, పిల్ల ఏడ్చినప్పుడు చెరుకు పండించు పల్లెల వారెల్లరు చేయు పనియే తానును చేసెను: ఒక చెరుకుగడను విరిచి, కత్తితో చెక్కి, ముక్క కోసెను. దానిని ఇంకను ఇవ్వకమునుపే, అవమానము పొందిన వేలిని చూపుటకు సిగ్గుపడి, ఆ ముక్కతోనే తెరను చూపుచు, “ఇక్కడేనా అమ్మా, నాను నొక్కాల్సింది?” అని అడిగెను.

రసమూరు చెరుకుకొన అద్దమునకు ఆనెను. వలయము కదిలెను!

“తియ్యకు నాన్నా!” అని లావణ్య అరచెను. నూకరాజు తెడ్డు ఆగెను. బుల్లమ్మ ఊరిదేవత నూకాలమ్మకు మొక్కెను. కొండంత దిమ్మలనెత్తిన చేతిని ఇసుమంతయు కదలనీయక, దేముడు ఊపిరి బిగబట్టి నిలిచెను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు!

వలయము నిండెను; తెరమీద లావణ్య పేరు ప్రక్కన, ఇంకను ఎవరును వినలేదని చూపుచుండిన ఎర్రచుక్క ఆకుపచ్చనయ్యెను.

“నొక్కింది మీ నాన్నా, సెరుకా?” అని బుల్లమ్మ తగవు పెట్టబోగా, “సెరుకు నాన్న సేతిలోనే ఉంది గదా!” అని మనుమరాలు తీర్పు చెప్పెను.

తెరపై అక్షరములేవో వెలిగెను. “ఏటి రాసేరక్కడ?” అనెను దేముడు.

“కథ విన్నందుకు ధన్యవాదాలు, లావణ్య నాన్నగారూ, అని.”

బెల్లం మార్కెట్టున ఇరువదియేండ్లుగా “ఒరే దేముడూ” అని తప్ప పిలువబడని ఆ మనిషి, ఆ అక్షరములపై పడిన చెరుకురసమును తువాలుతో తుడిచెను. పిమ్మట మెల్లగా, “ఇంకోపాలి సదువు,” అనెను. ఆమె చదివెను.

కావున సర్వదిక్కులకు ఇదే చాటింపు: ఆ మంగళవారము ఉదయము ఎనిమిది గంటల యేబదియెనిమిది నిమిషములకు, పెసరగింజంత ఆకుపచ్చ చుక్క ఒకటి దేముడిగారిచే జయింపబడినది. బడిగంటకు రెండు నిమిషములే మిగిలియున్నను, విజేత కోరికపై ఆ వాక్యము మూడవమారును చదువబడినది.