తీతు చదివిన ముఖాలు

రైల్వే ట్రాఫిక్ కాలనీ వాస్తవ్యులకు తెలియజేయునది ఏమనగా, రెండో తరగతి చదువుతున్న తీతు అనే బాలికకు ఎదుటివారి ముఖం చదవడం రాదని బడివారు కనిపెట్టారు. ఖరగ్‌పూర్‌లో ఇంతకుముందు ఇలాంటి లోపం ఒకటుంటుందని ఎవరికీ తెలియదు. విద్యారంగం ఎంత ముందుకు పోయిందో చూడండి!

కనిపెట్టిన తీరు కూడా గొప్పదే. ప్రిన్సిపాల్ సరోజాదేవిగారు పిల్లల్ని ఎండలో నిలబెట్టి, నీడలో తాము నిలబడి, ఓర్పు మీద ప్రసంగిస్తున్నారు. తీతు చెయ్యెత్తి, "మేడమ్, ఇంకా ఎంతసేపు?" అని అడిగింది. అంతే, మర్నాడు తండ్రికి పిలుపు వచ్చింది.

"మీ అమ్మాయికి సామాజిక నైపుణ్యాలు కొరవడ్డాయండీ. నా ముఖంలో ఆగ్రహం స్పష్టంగా కనిపిస్తున్నా గ్రహించలేకపోయింది. వార్షికోత్సవం లోపల నేర్పించండి. సత్ప్రవర్తన పత్రం లేనిదే మూడో తరగతిలో కూర్చోనివ్వం" అన్నారావిడ.

తండ్రి ఫణీంద్ర గుండెల్లో రాయి పడింది. ఆయన ప్యాసింజరు బండి నడిపే లోకో పైలట్. కూతురికి ఈ బడిలో సీటు కోసం ఎవరెవరి గుమ్మాల ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడో ఆయనకే తెలుసు. అయితే ఇంటికొచ్చి స్కూటరు స్టాండు వేస్తుండగా ఆయనకి మెరుపులాంటి ఆలోచన తట్టింది. "ముఖం సదవడమంటే ఏటి? సిగ్నల్ సదవడమే! ఈమాత్రం దానికి మాస్టార్లు కావాలేటి?" అని భార్య రాధారాణితో అన్నాడు.

ఇంజన్లో ఒక పద్ధతుంది. అసిస్టెంటు సిగ్నల్ చూసి, చెయ్యి చాచి, రంగు గట్టిగా పలకాలి. పైలట్ కూడా చెయ్యి చాచి అదే రంగు తిరిగి పలకాలి. పలక్కపోతే సంజాయిషీ, తప్పు పలికితే ఇంటికే. ఈ పద్ధతి ఆ రోజు నుంచి ఫణీంద్రగారి క్వార్టర్లో అమల్లోకి వచ్చింది. తీతు అసిస్టెంటు. ఎవరి ముఖమైనా సంతోషంగా ఉంటే గ్రీన్, చిరాకు మొదలైతే ఎల్లో, కోపం వస్తే రెడ్.

పిల్ల అగ్గిపిడుగు. వారం తిరక్కుండా ఆరితేరిపోయింది. ముఖం మీది నవ్వుని పక్కకి నెట్టి, వెనకున్న రంగు చదివేసేది. "అమ్మ, ఎల్లో!" అని వంటింటి గుమ్మంలో కేక వేసేది. స్నానాల గదిలోంచి ఒళ్లంతా సబ్బు నురగతో ఫణీంద్ర "ఎల్లో!" అని తిరిగి పలికేవాడు. పెద్దత్త పోలమ్మ వచ్చి, "నాకేటీ వద్దమ్మా, తినేసొచ్చినాను" అని రసగుల్లాల గిన్నె తోసేస్తుంటే తీతు చెయ్యి చాచి "గ్రీన్!" అంది. పోలమ్మ సిగ్గుపడుతూనే గిన్నె ఖాళీ చేసింది.

ఇండస్ట్రియల్ పార్కులో పనిచేసే బావమరిది సాయికుమార్ పెద్ద సంచీతో దిగినప్పుడు మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. "రా బావా, రా! ఎన్నాళ్లకి!" అని ఫణీంద్ర చేతులు బార్లా చాచాడు.

"నాన్న, రెడ్!" అంది తీతు.

నియమం నియమమే. ఫణీంద్ర చాచిన చేతుల్ని అలాగే ఉంచి, "రెడ్!" అన్నాడు. సాయికుమార్ వచ్చిన టోటో రిక్షాలోనే తిరిగి వెళ్లిపోయాడు. రాధారాణి మొగుడితో మాట్లాడటం మానేసింది. అయినా శిక్షణ ఆగలేదు. పిల్ల భవిష్యత్తు కంటే ఎక్కువేమిటి చెప్పండి?

వార్షికోత్సవం వచ్చింది. హాలు నిండా రైల్వే కుటుంబాలే, సగం మంది ఇంజన్లు నడిపేవాళ్లే. ఈ శిక్షణ సంగతి అప్పటికే చెవిన పడ్డ సరోజాదేవిగారు తీతుని వేదికపైకి పిలిచి, "మా విద్యాలయం అనుసరిస్తున్న అత్యాధునిక ప్రవర్తనా శిక్షణను ఇప్పుడు తిలకించండి" అని ప్రకటించారు. శిక్షణ ఇచ్చిన ఫణీంద్ర మొదటి వరసలో పులకించిపోయాడు.

ముఖ్య అతిథి ఈశ్వరప్రసాద్‌గారు లేచి, బాల్యం పూదోట అనీ, ఆ తోటకి సరోజాదేవిగారు మాలి అనీ, అసలు నీరు పోస్తున్నది మాత్రం వైస్ ప్రిన్సిపాల్‌గారనీ సెలవిచ్చారు. సరోజాదేవిగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. తీతు ఆవిడ వైపు చెయ్యి చాచింది.

"మేడమ్, రెడ్!"

హాల్లో ఉన్న పైలట్లు పాపం ఏ దురుద్దేశమూ లేనివాళ్లు. రంగు చెవిన పడితే తిరిగి పలకడం వాళ్ల నరాల్లో ఉంది. ఒక్కుమ్మడిగా చేతులు చాచి, పైకప్పు అదిరేలా "రెడ్!" అన్నారు. ముఖ్య అతిథి బెదిరిపోయి కూర్చున్నారు. ఎవరో ఆయనకి మంచినీళ్లు అందించారు.

సరోజాదేవిగారు సత్ప్రవర్తన పత్రం చేతిలోకి తీసుకుని తీతు దగ్గరికి వచ్చారు. పెదవులు మాత్రమే నవ్వుతున్నాయి. "పొరపాటు పడినట్టున్నావమ్మా. ఇంకోసారి బాగా చూసి చెప్పు. నా ముఖం ఏ రంగు?"

తీతు బాగా చూసింది. తర్వాత కింద కూర్చున్న తండ్రిని చూసింది. ఫణీంద్ర ముఖం చెమటతో తడిసిపోయింది. ఆయన కళ్లు పత్రం మీదే ఉన్నాయి. పిల్ల చెయ్యి మెల్లగా లేచింది.

"గ్రీన్... మేడమ్."

హాలంతా ఫణీంద్ర వైపు తిరిగింది. సర్వీసులో చేరిన నాటి నుంచి ఆయన రెడ్‌ని గ్రీన్ అని పలికి ఎరగడు. అయినా చెయ్యి చాచి, "గ్రీన్" అన్నాడు. వెనక వరసలన్నీ "గ్రీన్!" అన్నాయి. చప్పట్లు మారుమోగాయి. తీతుకి సామాజిక నైపుణ్యాలు సంపూర్ణంగా అబ్బాయని సరోజాదేవిగారు సభాముఖంగా ధ్రువీకరించి, పత్రం అందజేశారు.

తిరుగుదారిలో టోటోలో తీతు అడిగింది.

"నాన్నా, రేపట్నించి బండి కూడా ఇలాగే నడిపేస్తావేటి?"

"ఛఛ! బండిలో మనుషులుంటారు కదమ్మా!"

"మరి బడిలోనో?"

ఫణీంద్ర నవ్వాడు. తీతు ఆ నవ్వు వంక చాలాసేపు చూసింది.

"గ్రీన్" అంది, ఎంతో మర్యాదగా.