యాభై ఆరు సైజు సైకిలు

ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరి, సముద్రం పక్క రోడ్డున కాలాపేట ఊరి దాకా సైకిలు తొక్కి, తొమ్మిదింటికల్లా తిరిగొచ్చి బట్టల కొట్టు తెరవాలి. సుబ్బరాయలు అనుకున్నది అంతే. వీధిలో వంగి దూసుకుపోయే రేసు సైకిళ్ల వాళ్లను అరుగు మీద నుంచి చూస్తూ పదేళ్లుగా కాఫీ చల్లార్చుకున్న మనిషి ఆయన. యాభై మూడో ఏట ధైర్యం చేశాడు.

చిక్కంతా సైజు దగ్గరే వచ్చింది. సైకిళ్ల షాపు అనుప్రియ ఫోనులో అడిగింది. "అంకుల్, చెప్పుల్లేకుండా నిలబడి కాలు లోపలి కొలత చెప్పండి. దాన్ని బట్టే ఫ్రేము."

కొట్టు ముందు మిషను వేసుకున్న టైలరు అయ్యనార్ కొలిచాడు. ఇరవైతొమ్మిది అంగుళాలు. ఉతికితే బట్ట కుదించుకుపోతుందని అలవాటుగా రెండు కలిపి చెప్పాడు. ముప్పైయొకటి కూడా సుబ్బరాయలుకు చిన్నతనంగా తోచింది. తనూ రెండు కలిపాడు.

"ముప్పైమూడా! అయితే యాభై ఆరు సైజు. మంచి హైట్ అంకుల్ మీరు! వచ్చి ఎక్కి చూస్తారా?"

ఆ మాట ఆయనతో జన్మలో ఎవరూ అనలేదు. "అక్కర్లేదమ్మా, పంపించెయ్!"

ఆదివారం అరుగు మీద నుంచే ఎక్కాడు. కాలు నేలకు అందదని మొదటి సిగ్నల్ దగ్గర తెలిసింది. ఆగితే పడతాడు కనుక ఆగలేదు. పోలీసు ఈల వేశాడు. వెనక వస్తున్న సైకిళ్ల గుంపు ఆ ఈల మెచ్చుకోలు అనుకుని "సూపర్ అంకుల్!" అంటూ వెంటబడింది. భయంతో ఆయన ఇంకా జోరుగా తొక్కాడు. సముద్రపు గాలి ముఖానికి తగిలింది. పదేళ్లుగా కోరుకున్న గాలి అదే. ఒక్క క్షణం కళ్లు మూసుకోవాలనిపించింది గానీ కుదరలేదు. కాలాపేట బస్టాపులో ఇనప స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. సైకిలు కింద నుంచి జారి పడిపోయింది.

ఫోను చేస్తే భార్య గిరిజ షేర్ ఆటోలో వచ్చింది. "ఏంది ఇది? యాడన్నా దెబ్బ తగిలిందా?"

"లేదు. మళ్లా ఎక్కేదానికి ఈడ అరుగు లేదు."

గిరిజ భర్తకన్నా జానెడు ఎత్తు. సైకిలు లేపి, చున్నీ నడుముకు బిగించి, కాలు అటు వేసి నిలబడింది. రెండు పాదాలూ నేలకు చక్కగా ఆనాయి. హ్యాండిలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇస్కూలుకు రోజూ తొక్కినదాన్నే. పెళ్లయినాక మీరూ అడగలా, నేనూ చెప్పలా," అంది. "దీన్ని నేను తెస్తా. మీరు బస్సులో రాండి."

బస్సు ఆమెను దాటింది. స్టాపులో ఆగితే ఆమె బస్సును దాటింది. సుబ్బరాయలు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. గిరిజ చూడలేదు. ఆమె జుట్టు గాలికి ఊడిపోయి ఉంది, చూపు దూరంగా రోడ్డు మీద ఉంది. సైకిలు చిన్నదై కనబడకుండా పోయేదాకా ఆయన అలాగే చూస్తూ కూర్చున్నాడు.

కండక్టరు వచ్చి ఎన్ని టికెట్లని అడిగితే, ఒకటేనన్నాడు.